గుంజితే దారం, నొక్కితే పుల్ల: నేతపేట పిల్లల వంతెన పాఠం

దీపావళి సెలవులు ముగిసి బడులు తెరిచారంటే షోలాపూర్ తూర్పు భాగంలో విజ్ఞాన ప్రదర్శన మాట మొదలవుతుంది. అగ్నిపర్వతం, గాలిమర, నీటి శుద్ధి, వంతెన. ఏటా ఎక్కువగా కనిపించేవి ఈ నాలుగే. వీటిలో వంతెన మీద మా పిల్లలకు మక్కువ ఎక్కువ. చూడగానే ఆకట్టుకుంటుంది, బల్ల నిండుగా ఉంటుంది, పైన బొమ్మ కారు పెడితే చిన్న పిల్లలు గుమిగూడతారు.

అందుకే అది అంగట్లో తయారుగా కూడా దొరుకుతుంది. థర్మోకోల్ దిమ్మెలు, రంగు కాగితాలు, పైన చిన్న దీపాలు. వెయ్యి బీడీలు చుడితే గాని ఆ రోజు కూలి చేతికి రాని ఇంట్లో తల్లి పొదుపు డబ్బాలోంచి తీసి ఇచ్చిన డబ్బుతో దాన్ని కొని తెస్తారు. ప్రదర్శన రోజున పరీక్షకులు వచ్చి మూడే ప్రశ్నలు వేస్తారు. ఇది ఎంత బరువు మోస్తుంది? ఎక్కువైతే మొదట ఎక్కడ విరుగుతుంది? ఎందుకు అక్కడే? కొన్న వంతెన వెనక నిలబడ్డ పిల్లవాడు నేల చూపులు చూస్తాడు. డబ్బూ పోయింది, పాఠమూ రాలేదు. పైగా "తెలుగు బడి పిల్లలింతే" అన్న మాట ఒకటి మిగులుతుంది.

ఆ మాట తప్పని చూపడానికి ఖరీదైన సామాను అక్కరలేదు. వంతెన నిలబడే సూత్రాలన్నీ మన నేతపేటల్లో, సాంచాల షెడ్లలో కళ్లెదుటే ఉన్నాయి. వాటిని చూపి, పుల్లలతో బలమైన వంతెన ఎలా కట్టించాలో తోటి ఉపాధ్యాయులకు, పిల్లలకు, వారి అమ్మానాన్నలకు చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

పడుగులో ఉన్న పాఠం

వంతెన మీద పడే బలాలు ఎన్నో ఉన్నట్టు అనిపిస్తుంది గాని, మన పనికి ముఖ్యమైనవి రెండే. ఒకటి గుంజుడు, రెండు నొక్కుడు. పుస్తకంలో మొదటిదాన్ని తన్యత అంటారు, రెండోదాన్ని సంపీడనం అంటారు. ఈ రెండు మాటలు నల్లబల్ల మీద రాసి బట్టీ పట్టిస్తే పిల్లలకు మిగిలేది మాటలే. ఒక నూలుపోగు చేతికిచ్చి "దీన్ని గుంజు, ఇప్పుడు నెట్టు" అంటే పాఠం సగం అయిపోయినట్టే. ఇలా అడిగినప్పుడు మా ఏడో తరగతి పిల్ల ఒకతె వెంటనే అంది: "సార్, దారం గుంజితెనే పని చేస్తది. నెడితె ముడుసుకుంటది."

వంతెనల శాస్త్రంలో మొదటి పాఠం ఆ పిల్ల చెప్పినదే. దారం, తీగ, గొలుసు లాంటివి గుంజుడుకు మాత్రమే పనికొస్తాయి. రాయి, ఇటుక, కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటాయి, గుంజితే తేలిగ్గా పగుళ్లిస్తాయి. కర్ర, ఉక్కు రెండింటికీ పనికొస్తాయి. కానీ సన్నగా, పొడుగ్గా ఉన్న కర్రను రెండు కొసల నుంచి నొక్కితే నలగడానికి ముందే పక్కకు వంగి విరుగుతుంది. ఈ పక్కకు వంగడమే పుల్లల వంతెనకు అసలు శత్రువు.

దీన్నీ చూపించవచ్చు. చీపురుపుల్ల ఒకటి తీసుకుని బల్ల మీద నిలబెట్టి పైనుంచి వేలితో నొక్కించండి. విల్లులా వంగిపోతుంది. అదే పుల్లను సగానికి విరిచి మళ్లీ నొక్కించండి. ఈసారి చాలా గట్టిగా నిలుస్తుంది. పొడవు సగమైతే పక్కకు వంగకుండా మోసే బరువు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. ఈ లెక్కను 18వ శతాబ్దంలోనే లియొనార్డ్ ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త కట్టి ఇచ్చాడు. నొక్కుడు పడే చోట పొట్టి పుల్లలు, లావు పుల్లలు పెట్టాలని దీని అర్థం.

నేతవారి పిల్లలకు ఇంకొక సంగతి కూడా ఇంట్లోనే తెలుసు. పడుగులో వందల పోగులు ఉంటాయి. అన్నీ సమానంగా బిగిసి ఉంటేనే బట్ట సాపుగా వస్తుంది. నాలుగు పోగులు వదులైతే వాటి భారమంతా పక్కపోగుల మీద పడి అవి తెగుతాయి. తీగల మీద వేలాడే పెద్ద వంతెనల్లోనూ ఇదే సూత్రం. వేల తీగలను ఒకే బిగువులో ఉండేలా కట్టగడితేనే అన్నీ కలిసి బరువు మోస్తాయి. పది పోగులు కలిపి పేనితే పదింతల బలం వస్తుందని ఊరికే అనుకోకూడదు. బిగువు సమానంగా ఉంటేనే ఆ మాట నిజానికి దగ్గరవుతుంది.

షెడ్డు కప్పు వైపు చూడండి

రెండో పాఠానికి పిల్లలను సాంచాల షెడ్డు గుమ్మం దాకా తీసుకెళ్తే చాలు. తల పైకెత్తి చూడమనండి. రేకుల కింద ఇనుప చట్రాలు కనిపిస్తాయి. వాటిలో చతురస్రాలు ఎన్ని, త్రిభుజాలు ఎన్ని అని లెక్కపెట్టమనండి. దాదాపు అన్నీ త్రిభుజాలే అని వాళ్లే చెబుతారు.

ఎందుకో తెలియాలంటే నాలుగు ఐస్‌క్రీమ్ పుల్లలను గుండుసూదులతో చతురస్రంగా బిగించండి. మూల పట్టుకుని నెడితే అది పక్కకు వాలిపోతుంది. బిగువు వదిలిన పాత మంచం ఊగేది ఇలాగే. ఇప్పుడు మూడు పుల్లలతో త్రిభుజం చేసి నెట్టండి. పుల్లో సూదో విరిగితే తప్ప ఆకారం మారదు. మూడు భుజాల పొడవులు స్థిరంగా ఉంటే ఒకే ఒక త్రిభుజం సాధ్యమని రేఖాగణితంలో చెబుతాం. వంతెన కట్టేవాళ్లు ఆ సిద్ధాంతాన్నే ఇనుములో పోస్తారు. చతురస్రానికి అడ్డంగా ఒక మూల నుంచి ఇంకో మూలకు పుల్ల వేస్తే అదీ గట్టిపడుతుంది. ఎందుకంటే అప్పుడది రెండు త్రిభుజాలు.

ఇలా త్రిభుజాలు పేర్చి చేసిన చట్రాన్ని ట్రస్ అంటారు. సమబాహు త్రిభుజాలను వరుసగా నిలువు, తలకిందులు చేస్తూ పేర్చే పద్ధతికి 1848లో జేమ్స్ వారెన్ మరొకరితో కలిసి ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు. దాన్ని వారెన్ ట్రస్ అంటారు. బడి పిల్లలకు ఇదే అన్నిటికంటే అనుకూలం. పుల్లలన్నీ ఒకే పొడవు, కోయాల్సిన పని తక్కువ.

గోదావరి మీద మూడు తరాలు

మన పెద్దల ఊళ్లు తెలంగాణలో ఉన్నాయి. సెలవుల్లో అటు వెళ్లే పిల్లలు గోదావరిని చూసే ఉంటారు. అదే నది దిగువన, రాజమహేంద్రవరం దగ్గర, మూడు రైలు వంతెనలు పక్కపక్కన ఉన్నాయి. వంతెనల చరిత్ర చెప్పడానికి అంతకంటే మంచి బొమ్మ లేదు.

మొదటిది హేవ్‌లాక్ వంతెన. 1897లో పని మొదలై 1900లో పూర్తయింది. రాతి స్తంభాల మీద 56 ఖానాలు, ఒక్కొక్కటి సుమారు 45 మీటర్లు. దాదాపు వందేళ్లు రైళ్లను మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. రెండోది 1974లో వచ్చిన రోడ్డు, రైలు వంతెన. కింద రైలు, పైన రోడ్డు. ఇందులో 91.5 మీటర్ల ఖానాలు 27, చిన్నవి 7 ఉన్నాయి. పక్క నుంచి చూస్తే ఉక్కు త్రిభుజాల వరుసలు స్పష్టంగా కనిపిస్తాయి. మూడోది 1997లో పూర్తయిన కమాను వంతెన. కాంక్రీటుతో కట్టిన 28 ఖానాలు, ఒక్కొక్కటి 97 మీటర్లకు పైగా.

మూడోదాన్ని పిల్లలకు విల్లుతో పోల్చి చెప్పాలి. ఇంజనీర్లు కూడా దాన్ని విల్లు, నారి పద్ధతి అనే అంటారు. పైనున్న కమాను విల్లు. దాని మీద నొక్కుడు పడుతుంది. బరువు పడితే కమాను కాళ్లు బయటికి జారాలని చూస్తాయి. కిందనున్న దూలం నారిలా ఆ రెండు కాళ్లను పట్టి గుంజుతుంది. నొక్కుడు పైన, గుంజుడు కింద. ట్రస్ వంతెనలోనూ ఇదే అమరిక అని కాసేపట్లో చూస్తాం.

55 పుల్లల వంతెన

ఇక పనిలోకి దిగుదాం. సామాను: ఐస్‌క్రీమ్ పుల్లలు 55, విరిగేవాటికి ఇంకో 15, ఫెవికాల్ చిన్న డబ్బా, బట్టలు ఆరేసే క్లిప్పులు, సాంచా దగ్గర మిగిలిన గట్టి నూలు, పాత జకార్డు అట్టలు నాలుగు. చద్దర్ల డిజైను మారినప్పుడు పక్కన పడేసే ఈ చిల్లుల అట్టలు మన పేటలో సులువుగా దొరుకుతాయి. వంతెన మీద దారి పరచడానికి అవి సరిగ్గా సరిపోతాయి.

పుల్లలను ముందు ఏరుకోవాలి. వంకర ఉన్నవి, గాట్లు పడ్డవి పక్కన పెట్టాలి. మామూలు పుల్ల పొడవు 11.4 సెం.మీ., వెడల్పు ఒక సెం.మీ., మందం 2 మి.మీ. ఉంటుంది. రెండు కొసల నుంచి 7 మి.మీ. లోపలికి చుక్క పెడితే చుక్కకూ చుక్కకూ మధ్య 10 సెం.మీ. వస్తుంది. పుల్లలు కలిసే ముడులు ఆ చుక్కల దగ్గరే పడాలి.

పెద్ద కాగితం మీద అసలు కొలతతోనే బొమ్మ గీయాలి. 40 సెం.మీ. గీత గీసి 10 సెం.మీ.కు ఒకటి చొప్పున ఐదు చుక్కలు. దానికి 8.7 సెం.మీ. పైన ఇంకో గీత. దాని మీద 5, 15, 25, 35 సెం.మీ. దగ్గర నాలుగు చుక్కలు. కింది చుక్కలను, పై చుక్కలను కలుపుకుంటూ పోతే వరుసగా త్రిభుజాలు వస్తాయి. బొమ్మ మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, పుల్లలు దాని మీదే పేర్చి అతికించాలి. బొమ్మ లేకుండా కంటి అంచనాతో కట్టిన వంతెన ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అవుతుంది. అలాంటిది బరువు వేయగానే మెలితిరుగుతుంది.

ఒక పక్క గోడకు లెక్క చూడండి. కింది వరుసలో 4 పుల్లలు, పై వరుసలో 3, ఏటవాలుగా 8. మొత్తం 15. ముడులు 9. ముడుల సంఖ్యను రెట్టింపు చేసి మూడు తీసేస్తే ఎంత? 15. చట్రం ఊగకుండా నిలవడానికి కావలసిన కనీస పుల్లల సంఖ్య ఇదే సూత్రంతో తెలుస్తుంది. ఒక్కటి తగ్గినా ఎక్కడో ఒకచోట చతురస్రం మిగిలిపోయి ఊగుతుంది. గణితం మీద విసుగున్న పిల్లలకు కూడా ఈ లెక్క సరిపోయినప్పుడు ముఖం వెలుగుతుంది.

రెండు గోడలకు 30 పుల్లలు. వాటిని కలపడానికి అడ్డంగా కింద 5, పైన 4. నొక్కుడు పడేచోట్ల జంట పుల్లలు వేయడానికి 14. బరువు వేలాడే నడిమి అడ్డపుల్లకు అదనంగా 2. అన్నీ కలిపితే 55.

ఏ పుల్ల మీద ఎంత?

బలాన్ని ఎక్కడ పెంచాలో తెలియక పిల్లలు సాధారణంగా అన్నిచోట్లా పుల్లలు అతికిస్తారు. వంతెన బరువెక్కుతుంది గాని, బలం ఆ మేరకు పెరగదు. అందుకే లెక్క కావాలి.

వంతెన నడుమ కింది ముడుల దగ్గర మొత్తం 10 కిలోలు వేలాడదీశామనుకుందాం. ఒక్కో గోడకు 5 కిలోలు. ఒక్కో కొస బల్ల మీద రెండున్నర కిలోలు మోపుతుంది. ముడి ముడికీ బలాలు సరితూగాలనే నియమంతో లెక్క కడితే ఇలా వస్తుంది. ఏటవాలు పుల్లలన్నిటి మీదా సుమారు 2.9 కిలోల బలం. వాటిలో ఒకటి విడిచి ఒకటి నొక్కుడు, గుంజుడు మారుతూ పోతాయి. కొసల్లో ఉన్నవి నొక్కుడులోనే ఉంటాయి. కింది వరుస అంతా గుంజుడు: కొసల్లో 1.4, నడుమ 4.3 కిలోలు. పై వరుస అంతా నొక్కుడు: పక్కల 2.9, నట్టనడుమ 5.8 కిలోలు.

అన్నిటికంటే పెద్ద బలం పై వరుస నడిమి పుల్ల మీద పడుతోంది. అదీ నొక్కుడు. కాబట్టి మొదట విరిగేది అదేనని కట్టకముందే చెప్పవచ్చు. పరీక్షకుల రెండో ప్రశ్నకు జవాబు ఇదే.

మరి దాన్ని ఎలా గట్టిపరచాలి? దాని మీద ఇంకో పుల్లను నిండా జిగురు రాసి అతికించాలి. మందం 2 మి.మీ. నుంచి 4 అవుతుంది. మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే శక్తి రెండింతలు కాదు, ఎనిమిదింతలు. ఒక్కో గోడకు పై వరుసలో 3, నొక్కుడు పడే ఏటవాలు పుల్లలు 4. ఈ ఏడింటికి జంటలు వేస్తే చాలు. రెండు గోడలకు 14. గుంజుడులో ఉన్న పుల్లలను ఒంటరిగా వదిలేయవచ్చు. అక్కడ చూసుకోవలసింది పుల్లను కాదు, ముడి దగ్గరి జిగురును.

బరువు తగిలించే నడిమి అడ్డపుల్ల సంగతి వేరు. దాని మీద వంపు పడుతుంది. అది పడుకోబెట్టిన పుల్ల అయితే చటుక్కున విరుగుతుంది. అంచు మీద నిలబెట్టాలి. మన పుల్ల కొలతలతో చూస్తే, నిలబెట్టిన పుల్ల పడుకోబెట్టినదానికి ఐదింతల బరువు మోస్తుంది, వంపు 25వ వంతుకు తగ్గుతుంది. స్కేలును పడుకోబెట్టి వంచండి, నిలబెట్టి వంచండి. తేడా చేతికే తెలుస్తుంది. ఇంటి దూలాలను నిలువుగా ఎందుకు పెడతారో అప్పుడు అడగండి. నడిమి అడ్డపుల్లకు మూడు పుల్లలు కలిపి అంచు మీద నిలబెట్టాలి.

చివరిది దారం పని. రెండు గోడలు నిలిచాక పైన, కింద, రెండు కొసల్లో ప్రతి చతురస్రానికీ గుణింతం గుర్తులా ఏటవాలుగా రెండు దారాలు బిగించాలి. వంతెన ఎటు వాలబోయినా ఏదో ఒక దారం గుంజి ఆపుతుంది. దారం నెట్టలేదు కనుకే రెండు కావాలి. అన్ని దారాలూ ఒకే బిగువులో ఉండాలి. బిగించాక పలుచటి జిగురు పట్టిస్తే ముడులు జారవు. పడుగుకు గంజి పెట్టినట్టే. ఈ పని మా పిల్లలు చేసినంత నేర్పుగా వేరే పిల్లలు చేయగలరని అనుకోము.

జిగురుకు తొందర పనికిరాదు. ప్రతి ముడికి క్లిప్పు పెట్టి ఒక రోజంతా ఆరనివ్వాలి. ప్రదర్శన ముందు రాత్రి అతికించిన వంతెన పొద్దున ముడి దగ్గర ఊడుతుంది. పుల్ల బలం అప్పుడు ఎందుకూ కొరగాదు.

విరగ్గొట్టి చూడాలి

కట్టిన వంతెనను పూలదండ వేసి దాచుకుంటే అది బొమ్మ. విరగ్గొట్టి చూస్తే అది ప్రయోగం. అందుకే రెండు కట్టమంటాము. ఒకటి పరీక్షకు, ఒకటి ప్రదర్శనకు.

రెండు బల్లల మధ్య 38 సెం.మీ. సందు వదిలి వంతెన పెట్టాలి. నడిమి అడ్డపుల్లకు బకెట్ వేలాడదీయాలి. బకెట్ నేలకు రెండు వేళ్ల ఎత్తులోనే ఉండాలి. కింద పాత చద్దరు మడతపెట్టి పరవాలి. అర లీటరు మగ్గుతో నీళ్లు పోస్తూ పోవాలి. లీటరు నీళ్లంటే కిలో కనుక తూకపు రాళ్లు అక్కరలేదు. బకెట్ బరువును ముందే తూచి కలుపుకోవాలి. ప్రతి మగ్గు తర్వాత నడుమ ఎంత కిందికి దిగిందో స్కేలుతో చూసి పుస్తకంలో రాయాలి. పుల్ల ముక్కలు ఎగరవచ్చు గనుక ముఖం దగ్గరగా పెట్టకూడదు. పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

విరిగాక అసలు పని మొదలవుతుంది. ఎక్కడ విరిగింది? పుల్ల విరిగిందా, జిగురు ఊడిందా? లెక్క చెప్పిన చోటే విరిగిందా? కాకపోతే ఎందుకు కాలేదు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకుని రెండో వంతెనలో ఒక్క మార్పు మాత్రమే చేయాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఫలితం ఏ మార్పుదో తేలదు.

వంతెన గొప్పతనం మోసిన బరువులో మాత్రమే లేదు. మోసిన బరువును వంతెన సొంత బరువుతో భాగించాలి. 80 గ్రాముల వంతెన 8 కిలోలు మోస్తే వందరెట్లు. 200 గ్రాముల వంతెన 10 కిలోలు మోస్తే యాభై రెట్లే. మొదటిదే మంచి వంతెన. తక్కువ సామానుతో ఎక్కువ పని చేయడం ఇంజనీరు విద్య. తక్కువ నూలుతో గట్టి బట్ట నేసిన తాతల మనవలకు ఇది కొత్తగా చెప్పాల్సింది కాదు.

కూలిన వంతెనలు చెప్పినవి

1907 ఆగస్టు 29న కెనడాలో క్వెబెక్ దగ్గర కడుతున్న పెద్ద ఉక్కు వంతెన కూలి 75 మంది కార్మికులు చనిపోయారు. ముందు 1600 అడుగులనుకున్న నడిమి ఖానాను 1800 అడుగులకు పెంచారు. కానీ పెరిగిన సొంత బరువుకు తగ్గట్టు లెక్కలు తిరిగి సరిగా కట్టలేదు. నొక్కుడు పడే కింది కమ్మీలు ముందుగా వంగడం మొదలుపెట్టాయి. ఆ వంపు పనివాళ్ల కంట పడింది కూడా. హెచ్చరిక సమయానికి చేరలేదు. పై వరుస పుల్ల పక్కకు వంగినట్టు కనిపించగానే నీళ్లు పోయడం ఆపి రాసుకోమని మా పిల్లలకు చెప్పేది ఇందుకే. వంపు కనిపించిందంటే వంతెన మనతో మాట్లాడుతున్నట్టు.

ఇంకొకటి మన రాష్ట్రంలోనిదే. 2016 ఆగస్టు 2 రాత్రి మహాడ్ దగ్గర సావిత్రి నది వరదలో ఆంగ్లేయుల కాలం నాటి రాతి వంతెన కొట్టుకుపోయింది. దాంతో పాటు రెండు ఎస్టీ బస్సులు నదిలో పడిపోయాయి. పైన ఎంత గట్టి చట్రం ఉన్నా నీరు కింది పునాదిని తినేస్తే వంతెన నిలవదు. సీనా, భీమా పొంగిన ఏడు మన జిల్లాలో వంతెనల మీదికి జనాన్ని ఎందుకు రానివ్వరో పిల్లలకు అర్థం కావాలంటే ఈ సంగతి చెప్పాలి. మోసేది వంతెన ఒక్కటే కాదు, దాని కింద ఉన్న నేల కూడా.

ఆ నేల విద్యలో మన తెలుగు ఆడబిడ్డ ఒకరు పేరు తెచ్చుకున్నారు. కశ్మీర్‌లో చీనాబ్ నది మీద 359 మీటర్ల ఎత్తున, 467 మీటర్ల ఉక్కు కమానుతో కట్టిన రైలు వంతెన 2025 జూన్ 6న ప్రారంభమైంది. ఆ కొండవాలు నిలకడను, పునాదులను చూసే పనిలో 17 ఏళ్లు సలహాదారుగా ఉన్నవారు ఆచార్య జి. మాధవీలత. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక పల్లెటూరి బిడ్డ. జేఎన్‌టీయూలో సివిల్ ఇంజనీరింగ్, వరంగల్ నిట్‌లో ఎంటెక్, మద్రాసు ఐఐటీలో పీహెచ్‌డీ చేసి బెంగళూరు ఐఐఎస్సీలో పాఠాలు చెబుతున్నారు. పేరు మారుమోగినప్పుడు తాను వేలమందిలో ఒకరినని ఆమె అన్నారు. సాంచా పని ఎరిగినవారికి ఆ మాట బాగా తెలుసు. ఒక చద్దరు వెనక ఎన్ని చేతులుంటాయో మనం లెక్కపెట్టగలం.

ఏ భాషలో చెప్పాలి?

బడిలో ప్రదర్శన తెలుగులో సాగుతుంది. తాలూకా స్థాయికి వెళ్తే పరీక్షకులు మరాఠీలో అడుగుతారు. ఇక్కడే మా పిల్లలు తడబడతారు. తెలియక కాదు, తెలిసినదానికి మాట దొరకక. ఈ తడబాటు చూసి కొందరు తల్లిదండ్రులు తెలుగు బడి మానిపించి ఇంగ్లీషు బడికి పంపుతున్నారు. వారి భయాన్ని మేము తప్పుపట్టము. దానికి జవాబు పిల్లల నోట వినిపించాలి.

మేము చేయించే పని చిన్నది. ప్రాజెక్టు పుస్తకంలో ఒక పుట మూడు నిలువు గడులు. మొదటి గడిలో ఇంటి మాట, రెండో గడిలో పాఠ్యపుస్తకం మాట, మూడో గడిలో మరాఠీ మాట. గుంజుడు, తన్యత, తాణ్. నొక్కుడు, సంపీడనం, దాబ్. వంతెన, సేతువు, పూల్. మరాఠీలో పడుగును తాణా అంటారు. గుంజుడు బలం తాణ్, గుంజి కట్టిన పోగులు తాణా. ఈ చుట్టరికం ఒకసారి చూపిస్తే నేతవారి పిల్లలు ఆ మాట మళ్లీ మరచిపోరు. ఇంటి మాటలో అర్థమైనది ఏ భాషలోకైనా నడిచి వెళ్తుంది. అర్థం కానిది ఏ భాషలో బట్టీ పట్టినా మూడో ప్రశ్న దగ్గర ఆగిపోతుంది.

అమ్మానాన్నలకు ఒక మనవి. రాత్రి సాంచా దిగి వచ్చాక, బీడీల చాట పక్కన పెట్టాక, పది నిమిషాలు పిల్లల వంతెన ముందు కూర్చోండి. మీకు సైన్సు రాదని వెనక్కి జరగకండి. "దారం ఎంత బిగించినవ్ బిడ్డా? ఇది ఎందుకు వదులున్నది?" అని అడగండి. పోగు బిగువు మీ వేళ్లకు తెలిసినంతగా మాకు తెలియదు.

పై తరగతుల పిల్లలకు ఇంకో మాట. ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద ఎంపికైన ఆలోచనకు కేంద్ర ప్రభుత్వం 10,000 రూపాయలు ఇస్తుంది. అక్కడ అందరూ చేసే నమూనా చాలదు, మన చుట్టూ ఉన్న ఇబ్బందికి కొత్త పరిష్కారం కావాలి. వానాకాలంలో నాలా పొంగితే కూలికి, బడికి పోయేవాళ్లు ఎక్కడ దాటుతున్నారో చూడండి. అక్కడ ఇద్దరు మనుషులు మోసుకెళ్లి వేయగల కాలివంతెన ఎలా ఉండాలి? దాని పొడవెంత, మీద ఒకేసారి ఎంతమంది నడుస్తారు, ఒక మనిషికి ఎన్ని కిలోలు లెక్కవేయాలి, వరద వస్తే ఎలా తీసి పక్కన పెట్టాలి? ముందు టేపు పట్టుకుని నాలా కొలిచి రండి. పుల్లలు ఆ తర్వాత కొందాం.